జబాల కుమారుని చదువు

(గురుపూర్ణిమ సందర్భంగా శాలిబండలో చేసిన ప్రసంగపాఠం)



ఆషాఢమాసం వచ్చిందంటే మన శాలిబండలో రెండు ఆరాధనలు జరుగుతాయి. హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరిట ప్రసిద్ధమైన ఆలయంలో మహాకాళి అమ్మవారికి బోనం సమర్పిస్తాము. పూర్ణిమనాడు గురువును పూజిస్తాము. తల్లిని, గురువును ఒకే మాసంలో స్మరించే ఈ వేళ, తల్లి ఒక్కతే పెంచిన ఒక శిష్యుని కథ చెప్పుకొందాము.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడనే బాలుడున్నాడు. గురుకులానికి వెళ్లదలచి, తన గోత్రమేమిటని తల్లి జబాలను అడిగాడు. యౌవనంలో పలుచోట్ల పరిచర్యలు చేస్తూ నిన్ను కన్నాను, గోత్రం నాకు తెలియదు, నా పేరు జబాల గనుక నీవు సత్యకామ జాబాలుడవని చెప్పుకొమ్మన్నది ఆ తల్లి. బాలుడు గౌతముని ఎదుట ఆ మాటే చెప్పాడు. గురువు అతని సత్యానికి సంతోషించి, సమిధలు తెమ్మని శిష్యునిగా స్వీకరించాడు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించాడు. అవి వేయి అయిన తరువాతనే ఆ శిష్యుడు మరలివచ్చాడు.

ఈ కథను నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. కాని ఒకనాడు దానికి విరుద్ధంగా ప్రవర్తించాను. ఒక బాలుడు ప్రగతిపత్రం మీద తల్లి సంతకంతో వచ్చాడు. తండ్రి సంతకం తెచ్చేవరకు తీసుకోనని అందరి ఎదుట అన్నాను. వాడు వారం రోజులు బడికి రాలేదు. ఎనిమిదవనాడు లాడ్‌బజారులో గాజుల దుకాణంలో పనిచేసే వాని తల్లి వచ్చి, “అయ్యా, మూడేళ్లుగా నేనొక్కదాన్నే సాకుతున్నాను. వాడికి జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్న చెయ్యి ఇది. దీని సంతకం చెల్లదా?” అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. గౌతముడు అంగీకరించినదానిని నేను నిరాకరించాను. క్షమించమని ఆ తల్లిని ఆనాడే వేడుకొన్నాను. అదే తరగతిలో ఆ బాలునితోనూ చెప్పాను.

ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. కుమారుని పేరిట బాండ్ల కోసం పెట్టిన దరఖాస్తుపై తల్లి సంతకం చాలదన్నందుకు రచయిత్రి గీతా హరిహరన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో తండ్రి, అతని “తరువాత” తల్లి అని ఉన్నది. ఆ మాటకు తండ్రి మరణానంతరమనే కాక, తండ్రి బాధ్యత వహించని స్థితిలో అనికూడా అర్థమని 1999లో ధర్మాసనం తీర్పునిచ్చింది. అదే చట్టంలోని 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే పరమమంటున్నది.

ఒంటరిగా బిడ్డను పెంచే తల్లులకు, తండ్రులకు నా విన్నపమిది. బడి తెరిచిన తొలివారంలోనే తరగతి ఉపాధ్యాయుని ఏకాంతంగా కలిసి ఇంటి పరిస్థితిని రెండు మాటలలో చెప్పండి. బిడ్డచేత చెప్పించవద్దు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, సగంమంది స్త్రీలై ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ఆ పీట మీదే, సంకోచించకండి. పనివేళల వలన వెళ్లలేకపోతే అమ్మమ్మనో, మేనమామనో పంపండి.

విడివిడిగా జీవిస్తున్న దంపతులకు మరొక మాట. మీ వివాహబంధం తెగినా తల్లిదండ్రుల బాధ్యత తెగదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం బిడ్డల పోషణతోపాటు చదువు గురించికూడా న్యాయస్థానం ఆదేశాలివ్వగలదు. ఇద్దరి ఫోను నంబర్లు బడిలో ఉంచండి. ఒకేచోట కూర్చోలేకపోతే వేర్వేరు సమయాలడిగి ఉపాధ్యాయుని కలవండి. ఫీజు సంగతి, పరీక్షల సంగతి బిడ్డచేత మోయించక మీరే ఒకరికొకరు తెలుపుకొనండి. దూరదేశంలో ఉన్న తండ్రి ఫోనులో “ఎన్ని మార్కులు?” అని కాక, “ఈ వారం ఏ పాఠం కష్టమైంది?” అని అడిగితే ఆ బిడ్డకు తండ్రి దగ్గరున్నట్లే. అయితే బిడ్డ రక్షణకై న్యాయస్థానం ఎవరినైనా దూరముంచితే ఆ ఉత్తర్వు ప్రతిని బడిలో ఇవ్వండి. దానిని అందరూ పాటించాలి.

దాతలారా, పుస్తకాలు, ఫీజులు ఇవ్వడం మహాపుణ్యం. ఇచ్చేటప్పుడు “తండ్రి ఏడి?” అని బిడ్డను నిలదీయకుండుట అంతకు తక్కువైన దానం కాదు.

ఆ బాలుడు ఆ పిమ్మట చదువు మానలేదు. తరువాతి ప్రగతిపత్రం మీద తల్లి సంతకం చూసి, దాని కింద నా సంతకం చేశాను. ప్రతి బిడ్డకూ జబాల వంటి తల్లి ధైర్యం, గౌతముని వంటి గురువు ఆదరం లభించాలని మహాకాళి అమ్మవారిని ప్రార్థిస్తూ విరమిస్తున్నాను.

స్వస్తి.