నీరులేని కాలువల వెంట

ఆమ్‌స్టర్‌డాము నగరమును చూడబోవువారు పడవ నెక్కి మూడు పెద్ద కాలువలను చుట్టివచ్చి, చూడవలసిన దంతయు చూచితిమని తృప్తిపడుదురు. నాకు పడవకంటె కాలినడకయే ప్రియము. అందుచేత నొక శనివారము ఉదయమున ఆ కాలువలు దాటి, వానికి పడమట నున్న యోర్డాన్ అను పేటలోనికి తీరికగా నడచితిని. శ్రోతలారా, ఆ నడకలో నా కంటబడినవి కొన్ని మీకు మనవిచేయుదును.

1612 ప్రాంతమున నగరమును విస్తరించినపుడు వర్తక ప్రభువులకై ఆ మూడు కాలువలను విశాలముగా త్రవ్వించిరి. వాని వెలుపల చేతిపనులవారికిని, తోళ్లు పదునుపెట్టువారికిని, పరదేశములనుండి వచ్చిన బీదలకును ఈ పేట యేర్పడెను. ఇచ్చట పొలములలోని బోదెలనే వెడల్పుచేసి కాలువ లనిరి; గట్లమీది బాటలనే వీథు లనిరి. కావుననే పెద్ద కాలువ దాటగానే వీథు లన్నియు ఏటవాలుగా పోవుచుండును. ధనికులకు కొలబద్ద, బీదలకు పొలముగట్టు!

ఆ పెద్ద కాలువల గట్టున మేడలు కట్టిన ధనములో మన నేతగాండ్ర చెమటయు కొంత గలదు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నమున వర్తకశాల నెలకొల్పి, మన అద్దకపు బట్టలను ఓడల కెత్తినది. మన పెద్దలు వారిని వలందు లనిరి. బందరులో వలందపాలెమను పేరు నేటికిని నిలిచియున్నది.

పేటలోని యిండ్లు మిక్కిలి సన్ననివి. లోపలి మెట్లు నిచ్చెనవలె నిటారుగా నుండును. మంచమైనను బీరువాయైనను ఆ మెట్లమీదుగా పోవుట కల్ల. అందుచే ఇంటి నెత్తిన నొక దూలము వీథిలోనికి చొచ్చియుండి, దాని కొక కొక్కెము వ్రేలాడుచుండును. దానికి గిలకను, త్రాటిని తగిలించి సామానును కిటికీగుండ లోనికి చేర్తురు.

ఇరుకు సందులలో నడచి నడచి హఠాత్తుగా వెడల్పైన వీథిలోనికి వచ్చితిని. పేరు లిండెన్‌గ్రాఖ్ట్. గ్రాఖ్ట్ అనగా కాలువ. కాని చుక్క నీరు కానరాదు. జున్నుగడ్డలు, చేపలు, పూలు అమ్ము సంత కిటకిటలాడుచున్నది. ఈ కాలువను 1895లో పూడ్చిరి. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున పేటలోని కాలువలు ఒకటి వెనుక నొకటి ఇట్లే మన్నయినవి. మురుగు కంపు నిజమే, దానివలని రోగములును నిజమే. కాని వర్తకుల కాలువలు మూడును చెక్కుచెదరలేదు.

ఇచ్చట నీరున్న దినములలో, 1886 జూలై 25వ తేదీ ఆదివారమున, జనులు కాలువ కడ్డముగా త్రాడు కట్టి, దానికి బ్రతికియున్న మలుగుపామును వ్రేలాడదీసిరి. పడవలో నిలిచి దానిని లాగుకొనుట వారి వేడుక. జారి నీటిలో పడినవాడు నవ్వులపాలగును. ఆ యాట నిషిద్ధము. పోలీసులు వచ్చి త్రాడు కోసిరి. కలహము రేగెను, మరునాడు సైన్యము కాల్పులు జరిపెను, ఆ కలహమున 26 మంది మరణించిరి. ఆట క్రూరమనుటలో నాకు సందేహము లేదు. అయినను నేలమాళిగలలో, చెమ్మగోడల నడుమ కాపురముండువారికి ఆదివారపు వేడుక యొకటియే తమ సొత్తు. దానిని కోసినవారికి త్రాడు మాత్రమే కానవచ్చినది.

అక్కడికి కొలది దూరముననే నార్డర్‌మార్క్ట్ అను సంతబయలు, 1623లో పూర్తియైన చర్చియు నున్నవి. జర్మనులు యూదులను పట్టుకొని పోవుచుండగా, 1941 ఫిబ్రవరి 24వ తేదీ సాయంకాలము కార్మికులు ఈ బయలున సమావేశమైరి. మరునాడు ట్రాములు కదలలేదు. రెండుదినములు సాగిన ఆ సమ్మె ఫిబ్రవరి సమ్మెయని ప్రసిద్ధి.

కాలువ వెంట దక్షిణముగా నడచితిని. ఆవలి గట్టున, 1942 జూలై నుండి 1944 ఆగస్టు వరకు ఆన్ ఫ్రాంక్ అను బాలిక దాగియున్న యిల్లు. దానికి సమీపముననే గంటల గోపురముతో వెస్టర్ చర్చి. ఇంటి ముందు జనుల వరుస వీథి మలుపువరకు సాగియున్నది. నేను ఈవల గట్టుననే నిలిచి గంటలు వింటిని. దాగియున్న ఆ బాలికయు ఈ గంటలనే వినెడిది.

అటనుండి రోజెన్‌గ్రాఖ్ట్, అనగా గులాబి కాలువ. చిత్రకారుడు రెంబ్రాంట్, దివాలాతీసి పెద్ద యింటిని పోగొట్టుకొని, కడపటి దినములు దీని గట్టున గడపెను. 1669లో ఆయనను వెస్టర్ చర్చిలోనే పాతిపెట్టిరి. ఆ చోటు నేడెవరును చూపలేరు. ఈ కాలువయు పూడిపోయినది. ఆయన నీటిని చూచిన చోట నిపుడు ట్రాములు పోవుచున్నవి. కాళ్లు నొచ్చియుండుటచే నేనును అచ్చట ట్రామెక్కితిని.