గాలిమరలు – చిన్న పట్టణములు



కళ్ళములో ధాన్యము తూర్పారబట్టిన పెద్దలకు గాలినిగూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది కొంచెమే. చేట పైకెత్తి గాలికై ఎదురుచూచిన ఉదయములును, గాలి వీచినంతనే పొల్లు దూరముగ బోయి గింజ కాలివద్ద రాలిన ఘడియలును మీకు జ్ఞాపకముండును. గాలి మనము పిలిచినపుడు రాదు. అది వచ్చినపుడే మనము పని చక్కబెట్టుకొనవలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి చిన్న పట్టణములకు గాలివలన విద్యుత్తు లభించునా యను ప్రశ్నకును ఈ కళ్ళపు జ్ఞానమే ఆరంభము.

మన మూడు పట్టణములును సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైన, మైసూరు పీఠభూమి అంచున నున్నవి. నైరుతి ఋతుపవనము జ్యేష్ఠము మొదలు భాద్రపదము వరకు పడమటి దిక్కునుండి ఈ మెట్టసీమపై వీచును. వాన మనకు కొలదిగనే దక్కినను, గాలి మాత్రము తప్పక వచ్చును.

తిరుమల యాత్ర చేసినవారు కాకులకొండపై తిరుగు మరలను చూచియుందురు. అనంతపురము సీమలోని రామగిరి కొండలపై 1990 దశకమునందే ఇట్టి మరలు నిలిచినవి. నేడు ఆంధ్రప్రదేశమునందలి గాలిమరల సామర్థ్యము 4,000 మెగావాట్లు దాటినది. అందు అధికభాగము రాయలసీమ మెట్టలపైననే యున్నది. 2025 మార్చి నాటికి దేశమంతట నున్నవి 50,000 మెగావాట్లు దాటినవి.

ఇది విని, "మన ఊరి గుట్టమీదను ఒక మర నిలుపరాదా?" యని మీరడుగుట సహజము. వీధి దీపములకును, త్రాగునీటి పంపులకును పురపాలక సంఘము నెలనెలయు ధనము చెల్లించుచునే యున్నది. ఆ భారము తగ్గిన మేలే. కాని ఇందు ఊరి సొమ్మును, ఊరి భూమియు పణముగా నున్నవి. గనుక ముందుగా ఒక చిన్న లెక్క వినుడు.

గాలి వేగము రెట్టింపైనచో అందలి శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. సెకనుకు 4 మీటర్లు పోవు గాలికిని, 5 మీటర్లు పోవు గాలికిని గల భేదము మన మేనికి అంతగా తెలియదు. శక్తిలో మాత్రము అది 64కును 125కును గల భేదము, అనగా దాదాపు రెట్టింపు. ఇంటి మిద్దెపై నుంచదగిన, ఆరున్నర అడుగుల వ్యాసముగల చిన్న మరను తీసికొందము. 4 మీటర్ల గాలిలో అది యిచ్చునది సుమారు 35 వాట్లు. నాలుగైదు చిన్న దీపములకు చాలును. అదే మర 8 మీటర్ల గాలిలో సుమారు 280 వాట్ల నిచ్చును. కావున గాలి యున్నదా యని యడుగుట చాలదు; ఎంత వేగముతో, ఎన్ని దినములు, ఎంత యెత్తున వీచునని యడుగవలెను.

మిద్దెలును, చింతచెట్లును గాలిని అడ్డగించి సుడులు పెట్టును. అడ్డము ఎంత యెత్తున్నదో, దానికి ఇరువది రెట్ల దూరమువరకు గాలి చెదరియే యుండునని అనుభవజ్ఞులందురు. అందువలన బజారు నడుమ మిద్దెమీది మర చూపులకు ముచ్చటయే గాని, తరచుగా ఫలము స్వల్పము. మరకు తగిన చోటు ఊరి వెలుపలి మిట్ట.

ఈ కొలతల విలువ నెరిగిన విదుషీమణి యొకరు మన పొరుగునే పనిచేసిరి. ఆమె పేరు అన్నా మణి. 1918లో తిరువాన్కూరు సంస్థానమున జన్మించిన ఆమె భారత వాతావరణ శాఖలో పనిచేసి, 1976లో ఉద్యోగమును విరమించిన పిమ్మట బెంగుళూరునుండి దేశమందలి అనేక స్థలముల గాలిని కొలిపించి, పట్టికలు ప్రకటించిరి. నేడు ఆ పనిని చెన్నపురిలోని జాతీయ పవనశక్తి సంస్థ చేయుచున్నది. గుట్టపై ఎత్తైన స్తంభము నాటి, ఒక సంవత్సరము పూర్తిగా గాలివేగమును కొలిపించిన పిమ్మటనే మర మాట యెత్తవలెను.

ఏల యనగా, 2 మెగావాట్ల మర యొకటి మంచి చోట తన పూర్తి సామర్థ్యములో నూటికి 25 పాళ్ళు పనిచేసినచో, ఏటికి సుమారు 43 లక్షల 80 వేల యూనిట్ల నిచ్చును. నెలకు నూరు యూనిట్లు వాడు 3,650 ఇండ్లకు అది సరిపడును. చోటు తప్పి 15 పాళ్ళే పనిచేసినచో 2,190 ఇండ్లకే చాలును. మర ధర మాత్రము తగ్గదు, అప్పును ఆగదు.

కొలత అనుకూలించినను గాలినొక్కదానినే నమ్మరాదు. ఆషాఢ శ్రావణములలో మబ్బు క్రమ్మి సూర్యఫలకముల దిగుబడి తగ్గును. గాలి అప్పుడే ఉద్ధృతముగ వీచును. వేసవి మొదట గాలి మందగించును, ఎండ పుష్కలము. ఈ రెంటిని జోడెడ్లవలె కట్టినచో ఏడాది సాగును. గాలి వీచు వేళ పంపులు నడిపి మిట్టమీది తొట్టి నింపుకొన్నచో, గాలి నిలిచిన పిమ్మటను కొళాయిలో నీరు వచ్చును.

డెన్మార్కు దేశమున సామ్సో యను దీవి కలదు. జనము నాలుగువేల లోపు. 2000లో అచ్చట ఒక్కొక్క మెగావాటు గల 11 మరలు నిలిపిరి. కొన్ని రైతుల సొంతము. కొన్ని ఊరివారు వాటాలు వేసికొని కొన్నవి. మర తమదైనందున దాని చప్పుడును వారికి కష్టమనిపించలేదు. కుప్పము ప్రాంతమునకును సహకార సంఘము ద్వారా విద్యుత్తు పంచుకొన్న అనుభవము కలదు గనుక, ఈ మార్గము మనకు పరాయిది కాదు.

ఎవరైనను మర నిలుపుటకు మీ మిట్టభూమిని కౌలుకడిగినచో, దస్తావేజు చదివించుకొని వ్రాలు చేయుడు. కౌలు ఎన్నేండ్లు, బాట ఎవరి చేనిమీదుగా పోవును, మర పాతబడినపుడు దానిని తొలగించు బాధ్యత ఎవరిది, ఈ మూడును అందు స్పష్టముగ నుండవలెను.

కొలిచిన పిమ్మట గాలి చాలదని తేలినను చింతలేదు. మిద్దెలపై ఎండ యున్నది. కొలువక కొన్న మర నిలిచిపోయినచో మాత్రము, ఊరివారు మరియొక మంచి పనికి ముందుకు రారు. చేట ఎత్తకముందు గాలివాలు చూచుకొనుట మన పెద్దలు నేర్పిన పద్ధతి. మర యెత్తకముందును అదియే పద్ధతి.

సెలవు.