బాలీ తీర్థంలో వదలిన రెండు ధారలు

రాబోయే మాసంలో మనలో కొందరు బాలీ ద్వీపయాత్రకు బయలుదేరుతున్నారు. అక్కడికి ఒకమారు వెళ్లివచ్చినవానిగా నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తలు ఆదేశించారు. అక్కడి ఆలయాల వైభవాన్ని పుస్తకాలలో చదువుకోవచ్చు. నేను చేసిన అపచారాన్ని మాత్రం నేనే చెప్పాలి.

బాలీలో అడుగుపెట్టగానే మనవారికి ‘ఇదంతా మనదే’ అనిపిస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. ఎదురైనవారు ‘ఓం స్వస్త్యస్తు’ అని పలకరిస్తారు. వారి త్రిసంధ్యా ప్రార్థన గాయత్రీమంత్రంతోనే ఆరంభమవుతుంది. మనవలెనే వారికీ శకవర్షాల లెక్క ఉంది. ఆ లెక్కన నూతన సంవత్సరదినమైన ‘న్యేపి’ మన ఉగాదికి కాస్త అటూఇటూగా వస్తుంది. అయితే మనం ఆనాడు పచ్చడి ఆరగించి పంచాంగశ్రవణానికి వెళ్తాము. వారు నిప్పు రాజేయరు, పనులు చేయరు, ఇల్లు కదలరు, వినోదాలు తలపెట్టరు. విమానాశ్రయం సైతం ఆ రోజంతా మూసివేస్తారు. విదేశీయులైనా వీధిలోకి రాకూడదు.

ఈ పోలికలే నన్ను మోసగించాయి. దానికి తోడు సంస్కృతం చదువుకున్నాననే అభిమానం ఒకటి. ఒక ఆలయంలో పెమంగ్కు, అంటే అక్కడి అర్చకుడు, మంత్రం చెబుతుంటే నా మనస్సు దైవాన్ని వదలి ఉచ్చారణదోషాలను లెక్కపెట్టసాగింది. బాలికలు గాయత్రి పఠించడం చూసి ‘ఇదేమి సంప్రదాయం?’ అని నా శ్రీమతితో అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. ఆ మౌనానికి అర్థం 30 ఏళ్లుగా ఎరుగుదును. అయినా ఆగలేదు.

మరునాడు తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్‌కు వెళ్లాము. ఊటనీరు వరుసగా అమర్చిన రాతి ధారల నుండి కొలనులోకి పడుతుంది. భక్తులు నడుముకు వస్త్రం కట్టి నీట దిగి, ఒక్కొక్క ధార వద్ద చేతులు జోడించి, తల వంచి, తరువాతి ధారకు సాగుతారు. వరుస చాలా పొడవుగా ఉంది. రెండు ధారల వద్ద మాత్రం ఎవరూ లేరు. శ్రీమతికి మోకాళ్ల నొప్పులు. ‘ఇక్కడ ఖాళీగా ఉంది, రా’ అని పిలిచాను. ఆమె తల వంచబోయేంతలో ఒక వృద్ధురాలు నీళ్లలో ఆత్రంగా నడిచివచ్చి, చేయి పట్టి వెనుకకు లాగింది. నాకు ఆగ్రహం వచ్చింది. ‘మేమూ హిందువులమే, గంగలో మునిగినవారమే!’ అని తెలుగులోనే గద్దించాను. కొలనులోని వారందరూ తిరిగి చూశారు. ఆమెకు నా మాట తెలియకపోయినా కోపం తెలిసింది. అయినా శ్రీమతి చేయి విడువలేదు.

మా వెంట వచ్చిన గైడు మెల్లగా చెప్పాడు: ఆ ధారల నీరు మృతుల కర్మలకు ఉద్దేశించినది, బ్రతికి ఉన్నవారు దాని క్రింద తల పెట్టరు.

తద్దినం నాడు పితృదేవతలకు వేసిన విస్తరి ముందు ఎవరైనా తెలియక కూర్చోబోతే మన ఇంటి పెద్దావిడ చూస్తూ ఊరుకుంటుందా? ఆ తల్లి చేసినదీ అదే. పేరైనా తెలియని పరదేశపు స్త్రీకి కీడు జరుగకూడదని పరుగున వచ్చింది. నేను ఆమెను కసిరాను. క్షమాపణ చెప్పుకొనడానికి ఆమె భాషలో ఒక్క పదమైనా నేర్చుకుని వెళ్లలేదు. చేతులు జోడించాను. ఆమె నవ్వి, శ్రీమతి నడుమున సడలిన వస్త్రాన్ని బిగించి కట్టింది.

యాత్రకు వెళ్లేవారు ఆ నడికట్టు లేకుండా ఆలయంలో ప్రవేశించకండి. మన పంచె, మన చీర చాలునని వాదించకండి. వాకిళ్లలోనూ బాటల మీదా చిన్న ఆకుదొప్పలలో పూలు పెట్టి ఉంటాయి. వాటిని చనాంగ్ సారి అంటారు. అవి నైవేద్యాలు. దాటకుండా ప్రక్కగా నడవండి. ప్రార్థిస్తున్నవారి ఎదుట నిలిచి ఫొటోలు తీయకండి.

ఆనాడు మేము వెనుకకు వెళ్లి వరుస చివర నిలుచున్నాము. చాలాసేపు పట్టింది. మా ముందున్న కుటుంబం ఆ రెండు ధారలను వదలి ముందుకు సాగింది. మేమూ వారి వెనుకనే నడిచాము.