సంతకం ఎవరిది, లెక్క ఎవరి చేతిలో?

పట్టాలు అందుకుంటున్న చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకూ, అప్పోసొప్పో చేసి వాళ్ళను ఇక్కడిదాకా చదివించిన అమ్మానాన్నలకూ అభినందనలు.

ఓర్వకల్లు మండలంలో కాల్వ అని ఒక ఊరుంది. ఈ సభలో కూర్చున్నవాళ్ళలో చాలామంది కర్నూలు దాకా వెళ్ళినా ఆ ఊరు చూసి ఉండరు. 1995 పంచాయతీ ఎన్నికల తర్వాత ఆ ఊరికి ఫాతిమా బీ సర్పంచ్ అయ్యారు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకు కేటాయించింది కానీ, కుర్చీలో ఎవరు కూర్చోవాలో చట్టం చూసుకోలేదు. పేరు భార్యది, పెత్తనం భర్తది అని ఊళ్ళు నవ్వుకునే రోజులవి. ఆ నవ్వు ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. అప్పట్లోనే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. పొదుపు సంఘాలు పెరిగాయి, వాటి అండతో సర్పంచ్‌కు గొంతు లేచింది. 1998లో న్యూయార్క్‌లో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతుల మీదుగా ఫాతిమా బీ పేదరికంపై పోరాటానికి ఇచ్చే అంతర్జాతీయ అవార్డు అందుకున్నారు.

అవార్డు ఫొటో కన్నా ఆ సంఘాలు నడిచే తీరు చూడదగ్గది. చాప మీద ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. డబ్బు అందరి ముందూ లెక్కపెడతారు. ఎవరికెంత అప్పు, ఎనుము కోసమా, ఆసుపత్రికా, ఎన్ని కంతుల్లో కట్టాలి అన్నది తీర్మానాల పుస్తకంలో రాస్తారు, రాసింది చదివి వినిపించాకే సంతకాలు. మొదటి పేజీల్లో వేలిముద్రలు ఉంటాయి. పుస్తకం తిరగేస్తూ పోతే వాటి చోట వంకరటింకర అక్షరాలు కనిపిస్తాయి. కోట్ల విరాళాలు పుచ్చుకునే ట్రస్టుల్లో ఇంత బహిరంగంగా లెక్క చెప్పేవి ఎన్ని ఉంటాయో!

సేవాసంస్థలకు లెక్కాపత్రం ఉండాలన్న పట్టుదల మనకు కొత్త కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఆగిపోయిన చదువును మళ్ళీ అందుకుని 1942లో లా పూర్తిచేశారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు ఆమే. ప్రభుత్వ సొమ్ము స్వచ్ఛంద సంస్థలకు చేరే దారి వేసిన మండలి అది.

ఆదోని యార్డులో పత్తి లాట్లు చూసినవాళ్ళకు, బాలకార్మికుల్ని బడికి చేర్చిన శాంతా సిన్హా కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. హైబ్రిడ్ పత్తి విత్తనం ఊరికే పండదు. సాయంత్రం ఆడ వరుసల్లో రేపు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, రేకులూ కేసరాలూ గిల్లేయాలి. తెల్లారాక మగ వరుసల్లో పువ్వు కోసి, దాని పుప్పొడిని ఆ మొగ్గకు రుద్దాలి. క్రాసింగ్ అంటారే, అదే. ఒక్కొక్క మొగ్గకూ ఇలాగే, నెలల తరబడి. చిన్న వేళ్ళయితే బాగా సాగుతుందనీ, చెట్టు ఎత్తుకు సరిపోతారనీ ఆడపిల్లల్ని పెట్టుకునేవాళ్ళు. అసలు కారణం తక్కువ కూలి. ఇంట్లోవాళ్ళకు ముందే అడ్వాన్సు ఇచ్చేస్తే, బడి గంట మోగినా పిల్ల చేను దాటి రాలేదు. పురుగుమందు వాసన మధ్యే అన్నం. కర్నూలు జిల్లా విత్తన పత్తి చేలల్లో జరిగింది ఇదే.

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించేవారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో మొదలైన ఎంవీ ఫౌండేషన్ ఆమె నాయకత్వంలో ఒక మాట గట్టిగా పట్టుకుంది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, బాలకార్మికుడే. పని చేస్తూ రాత్రిబడికి వెళ్ళడం లాంటి మధ్యేమార్గాలు ఆ సంస్థ ఒప్పుకోలేదు. పెద్దపిల్లల్ని కొన్నాళ్ళు శిబిరంలో ఉంచి, చదువు అందుకున్నాక వయసుకు తగ్గ తరగతిలో చేర్చేది. ప్రైవేటు బడి పెట్టలేదు, సర్కారు బడినే నమ్ముకుంది. ప్రభుత్వ ఉపాధ్యాయులే బాలకార్మిక విమోచన వేదికగా కలిసి నడిచారు. కర్నూలు పత్తి చేలకూ ఆ సంస్థ వచ్చింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

ఇక్కడితో ఆపితే ఇది మామూలు జీవితచరిత్ర. పదవి దిగాక ఆమె చేసిన పని ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆధార్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళినవాళ్ళలో ఆమె ఒకరు. కూలి పనికి అరిగిన వేళ్ళను మిషన్ గుర్తుపట్టకపోతే తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి? 2018 సెప్టెంబరు 26 నాటి మెజారిటీ తీర్పు ఆధార్‌ను చాలావరకు నిలబెట్టింది. అయినా బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని, నంబరు లేదని ఏ బిడ్డకూ మేలు ఆపకూడదని చెప్పింది. కేసు పూర్తిగా గెలవకపోయినా బడి గుమ్మం దగ్గర ఒక అడ్డు తొలగింది.

సాంకేతికత అంటే హైటెక్ సిటీ కొలువు మాత్రమే అనుకునేవాళ్ళు హైదరాబాద్‌లోనే ఉన్న ప్రజ్వల సంస్థ సంగతి కూడా తెలుసుకోవాలి. అత్యాచార వీడియోలు వాట్సాప్‌లో చేతులు మారుతుంటే, 2015 ఫిబ్రవరిలో ఆ సంస్థకు చెందిన సునీతా కృష్ణన్ వాటిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది, పెద్ద పెద్ద ఇంటర్నెట్ కంపెనీలను పిలిపించింది. 2018లో వచ్చిన జాతీయ సైబర్ నేరాల పోర్టల్ వెనక ఆ లేఖ ఉంది. పేరు చెప్పకుండానే అక్కడ ఇలాంటి వీడియోల మీద ఫిర్యాదు చేయవచ్చు. హాస్టల్ అమ్మాయిలకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు?

ఈ రోజు పట్టా తీసుకున్న అమ్మాయిల్ని రేపు ఏదో ఒక సొసైటీ కమిటీలోకి పిలుస్తారు. "మహిళా సభ్యురాలు కావాలమ్మా, సంతకం పెడితే చాలు" అంటారు. అప్పుడు అడగాల్సినవి తేలికైన ప్రశ్నలే: పోయిన సమావేశం మినిట్స్ ఏవి, ఆడిట్ ఎవరు చేశారు, బ్యాంకు ఖాతా మీద ఎవరెవరి పేర్లున్నాయి? కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఈ వైపు వస్తున్నకొద్దీ ఈ ప్రశ్నల అవసరం పెరుగుతుంది. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, పుస్తకం మాత్రం బయటికి తీయాల్సి వస్తుంది.

ఇంకో పని ఈ ఏడే ఉంది. కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద ఊళ్ళ నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గి వలస పోయే లారీలు మళ్ళీ కదులుతాయి. పెద్దలతోపాటు పిల్లలూ ఎక్కుతారు. ఆ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అయితే ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో, ఎవరిని ముసలమ్మ దగ్గర వదులుతున్నారో, ఎవరిని వెంట తీసుకెళ్తున్నారో ముందే రాసిపెట్టిన జాబితా ఉంటేనే హాస్టల్‌లో చోటు అడగగలరు. డిగ్రీ చదివిన ఇద్దరు కూర్చుంటే ఒక వాడ జాబితా సాయంత్రానికి అయిపోతుంది. లారీలు కదలకముందే దాన్ని హెడ్‌మాస్టరుకు ఇచ్చి, అందినట్టు ఒక కాపీ మీద సంతకం తీసుకోవాలి.