కారు బీమా: ఏ కాగితం ఎవరిని కాపాడుతుంది?



నిర్మల్ నుంచి బాసరకు, అడెల్లి పోచమ్మకు ఇప్పుడు చాలామంది సొంత కార్లలో పోతున్నారు. గల్ఫ్ పోయి వచ్చిన తమ్ముడు నాలుగు పైసలు కూడబెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొంటాడు. టైర్లు చూస్తాడు. ఇంజను చప్పుడు వింటాడు. బీమా కాగితం మాత్రం చదవడు. "ఉంది గదా" అంటాడు. పోలీసులు ఆపితే చూపడానికి ఏదో ఒక కాగితం ఉంటే చాలని అతని లెక్క.

ఆ కాగితంలో ఏముంది?

బీమా ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది థర్డ్ పార్టీ బీమా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేని బండి రోడ్డెక్కకూడదు. 2019లో చట్టాన్ని మార్చి జరిమానా పెంచారు. మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000.

థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. కారు యజమాని ఒకరు. బీమా కంపెనీ ఒకరు. రోడ్డున పోయే మనిషి మూడో ఆయన. యజమాని తప్పు వల్ల కారు తగిలి ఆయన చనిపోతే కోర్టు చెప్పిన పరిహారం కంపెనీ కడుతుంది. బీమా లేకుంటే యజమానే కట్టాలి. అది లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మినా తీరకపోవచ్చు.

మరి కారులో కూర్చున్న భార్య, పిల్లలు, చుట్టాలు? వాళ్లు ఈ కాగితం కిందికి రారు! కారు పోయి చెట్టుకు గుద్దుకుంటే వాళ్లకు దీనివల్ల పైసా రాదు. కారు బాగుచేసే ఖర్చు కూడా రాదు. ఇది చాలామందికి దెబ్బ తగిలినంక తెలుస్తుంది.

రెండోది ప్యాకేజీ బీమా. ఊళ్లలో "ఫుల్ ఇన్సూరెన్స్" అంటారు. ఇందులో థర్డ్ పార్టీ ఉంటుంది. కారులో కూర్చున్నవాళ్లు ఉంటారు. కారును దొంగలు ఎత్తుకపోయినా, వరదలో మునిగినా ఇది పనికొస్తుంది. 2021 జులై వానలకు నిర్మల్ పట్టణంలో కాలనీలే మునిగాయి గదా! అయితే ఒక జాగ్రత్త. మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు. అట్లా చేసి ఇంజను చెడిపోతే మామూలు పాలసీలో ఆ ఖర్చు రాకపోవచ్చు.

ఇక రేటు సంగతి. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమలైన పట్టికలో 1000 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. 1000 దాటి 1500 సీసీ వరకు 3,416. పన్ను అదనం. ప్రభుత్వం రేటు మార్చితే అన్ని కంపెనీలకూ మారుతుంది. కాబట్టి ఎవరైనా "సగానికే ఇప్పిస్తా" అంటే అది దొంగ కాగితం కావచ్చు. పాలసీ నంబరు చెప్పి కంపెనీలోనే అడగాలి.

కంపెనీకీ కంపెనీకీ తేడా వచ్చేది కారు నష్టానికి కట్టే భాగంలోనే. ఒకరు 7,000 అడిగారు, ఇంకొకరు 6,000 అడిగారు అనుకోండి. వెంటనే తక్కువ దానికి సంతకం పెట్టొద్దు. కాగితంలో ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. కారు పూర్తిగా పోతే వచ్చే మొత్తం దాన్ని బట్టే ఉంటుంది. మొదటి దాంట్లో 3 లక్షలు, రెండో దాంట్లో రెండున్నర లక్షలు ఉంటే? వెయ్యి మిగిలింది, యాభై వేలు పోయింది. ఇంకోటి కూడా అడగాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగమే ఇస్తారు. మొత్తం కావాలంటే కొంత ఎక్కువ కట్టాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్న తమ్ముడు 14 రోజుల్లో పాలసీని తన పేరుకు మార్చమని అర్జీ పెట్టాలి. కారు అతనిది, పాలసీ పాత యజమానిది అయితే, కారు నష్టానికి పైసలు అడిగినప్పుడు కంపెనీ కాదనవచ్చు. పాత ఆయన సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా కారు వెంట రాదు. అది ఆయనదే.

తెల్ల నంబరు కారును పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాళ్లు కూడా ఉన్నారు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయికి పనికిరాదు. ప్రమాదమైతే, బాధితులకు ఇచ్చిన డబ్బును కంపెనీ తిరిగి యజమాని దగ్గర వసూలు చేయవచ్చు.