నల్లరాళ్లు ఏరిన ఎలైజా



పొలంలో రాయి తగిలితే రైతు ఏం చేస్తాడు? తీసి గట్టు మీద పడేస్తాడు. నాగటి కర్రుకు అదే రాయి మళ్లీ తగిలితే తిట్టుకుంటాడు. అట్లాంటి రాయిని ఏరి, మోసుకొచ్చి, ఇంటి ముందు దాచుకునేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఒకామె ఉంది. అమెరికా దేశంలో కాన్సాస్ అనే రాష్ట్రంలో ఉండేది. పేరు ఎలైజా కింబర్లీ. ఈ పూట మాట ఆమె గురించీ, ఆమె ఏరిన రాళ్ల గురించీ.

ఇది 1885 నాటి సంగతి. కాన్సాస్ అంటే గడ్డి మైదానం. ఎంత దూరం చూసినా చదునే. అక్కడ కయోవా అనే జిల్లాలో ఎలైజా, ఆమె భర్త ఫ్రాంక్ కొత్తగా కాపురం పెట్టారు. చేతిలో డబ్బు లేదు. భూమి మీద అప్పు ఉంది. దున్నుకుంటేనే తిండి.

ఆ చుట్టుపక్కల మామూలు రాళ్లు దొరకడమే కష్టం. అయినా అక్కడక్కడా నల్లటి రాళ్లు కనిపించేవి. అవి మహా బరువు. చిన్న రాయి కదా అని ఒంగి ఎత్తబోతే నడుం పట్టుకునేది. గడ్డివాము గాలికి లేచిపోకుండా దాని మీద పెట్టడానికి, నీళ్ల పీపాకు మూత మీద బరువుకు, పాక కప్పు మీదకు జనం ఆ రాళ్లను వాడుకునేవారు. అంతకు మించి వాటికి విలువ ఉందని ఎవరూ అనుకోలేదు.

ఎలైజా మాత్రం అనుకుంది. ఎందుకంటే, ఆమె చిన్నప్పుడు బడిలో చదివే రోజుల్లో ఒక ఉల్కారాయిని చూసిందట. ఆకాశం నుంచి పడిన రాయి ఇట్లా ఉంటుందని అప్పుడు చెప్పారట. ఆ గుర్తు ఆమె మనసులో నిలిచిపోయింది. పొలంలో నల్లరాయిని చూడగానే, 'ఇది అదే' అనుకుంది.

కనపడిన రాయినల్లా తెచ్చి ఇంటి దగ్గర కుప్ప పోసింది. భర్త నవ్వాడు. ఇరుగుపొరుగు నవ్వారు. పొలం పని వదిలి రాళ్లు మోయడమేమిటని ఎగతాళి చేశారు. ఏరిన కొద్దీ కుప్ప పెరిగింది, కుప్పతో పాటు నవ్వులూ పెరిగాయి.

ఆమె ఊరుకోలేదు. ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. చదువుకున్న పెద్దలకు, శాస్త్రజ్ఞులకు రాసింది. 'నా దగ్గర ఇట్లాంటి రాళ్లున్నాయి, వచ్చి చూడండి' అని. ఒకటి కాదు, రెండు కాదు. ఐదేళ్లు రాసింది. ఎక్కడో మారుమూల పల్లెలో ఒక రైతు భార్య రాసిన ఉత్తరాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఇప్పుడైనా ఎంతమంది పట్టించుకుంటున్నారు లెండి!

చివరికి 1890లో ఒకాయన వచ్చాడు. టొపీకా పట్నంలోని వాష్‌బర్న్ కాలేజీ ప్రొఫెసరు క్రాగిన్. కుప్ప దగ్గర నిలబడి చూశాడు. ఎలైజా చెప్పింది నిజమే. అవి ఉల్కారాళ్లే. ఆ ప్రాంతంలో అప్పటికి బయటపడినవి ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ కలిపి సుమారు ఒక టన్ను బరువు. క్రాగిన్ కొన్నింటిని కొన్నాడు. వందల డాలర్లు ఇచ్చాడు. ఆ రోజుల్లో అది పేదరైతుకు పెద్ద సొమ్ము. ఆ డబ్బుతో భూమి మీది అప్పు తీర్చారని చెబుతారు. తర్వాత ఇంకా కొందరు శాస్త్రజ్ఞులు వచ్చి పోటీపడి కొన్నారు. నవ్విన ఇరుగుపొరుగు కూడా తమ పొలాల్లో గడ్డివాముల మీద ఉన్న రాళ్లను దించి చూసుకోవడం మొదలుపెట్టారు. కింబర్లీ వాళ్ల పొలానికి 'ఉల్కల పొలం' అని పేరొచ్చింది.

ఇంతకీ ఉల్కారాయి అంటే ఏమిటి?

రాత్రిపూట ఆరుబయట పడుకుంటే అప్పుడప్పుడూ చుక్క రాలినట్టు కనిపిస్తుంది. అది చుక్క కాదు. చుక్కలు రాలవు. సూర్యుడి చుట్టూ భూమి లాగానే చిన్నా పెద్దా రాళ్లు కోట్లకొద్దీ తిరుగుతున్నాయి. ఎక్కువభాగం అంగారకుడికీ, గురుడికీ మధ్య ఉన్నాయి. వాటిలో దారితప్పిన ముక్క మన గాలిలోకి గొప్ప వేగంతో దూసుకొస్తుంది. ఆ వేడికి మండి వెలుగుతుంది. చాలావరకు ఇసుకరేణువంత ఉంటాయి కాబట్టి పైనే కాలి మసైపోతాయి. పెద్దదైతే కాలగా మిగిలిన ముక్క కిందపడుతుంది. అదే ఉల్కారాయి. చాలావాటి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లు. భూమి మీద దొరికే ఏ రాయీ అంత పాతది కాదు. శాస్త్రజ్ఞులు వాటి కోసం తపించేది అందుకే.

ఇవి మూడు రకాలు. రాతి ఉల్కలు, ఇనుప ఉల్కలు, రాయీ ఇనుమూ కలిసినవి. పడే వాటిలో రాతివే ఎక్కువ. ఎలైజా ఏరినవి మూడో రకం. అందులోనూ అరుదైనవి. వాటిని పల్చగా కోసి వెలుతురుకు పట్టుకుంటే, ఇనుప జల్లెడలో పసుపుపచ్చ గాజు ముక్కలు పొదిగినట్టు మెరుస్తాయి. ఈ రాళ్లకు 'బ్రెన్హమ్' అని పేరు పెట్టారు.

ఎలైజా కంటే ముందే వాటి విలువ తెలిసినవాళ్లు ఉన్నారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట అమెరికా ఆదివాసులు ఈ ఇనుమును సాగగొట్టి పూసలూ, నగలూ చేసుకున్నారు. అవి అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒహైయో ప్రాంతపు మట్టిదిబ్బల్లో దొరికాయి. అంటే అప్పుడే చేతులు మారుతూ బేరం సాగిందన్నమాట. మన దేశంలోనూ ఇట్లాంటి కథ ఉంది. 1621లో జలంధర్ దగ్గర ఆకాశం నుంచి ఇనుము పడింది. జహంగీర్ చక్రవర్తి దానికి మామూలు ఇనుము కలిపించి కత్తులు చేయించాడు. ఆ సంగతి తన చరిత్రలో రాసుకున్నాడు.

ఎలైజా తర్వాత చెప్పుకోవలసినవాడు నినింగర్. ఆయనదీ కాన్సాసే. చిన్న కాలేజీలో జీవశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. 1923 నవంబరులో ఒక రాత్రి వీధిలో నిలబడి మాట్లాడుతుండగా ఆకాశంలో పెద్ద నిప్పుముద్ద పోవడం చూశాడు. అది ఎక్కడ పడిందో వెతకాలనుకున్నాడు. వెతుకుతూ ఊళ్లు తిరిగాడు. ఆ రాత్రి చూసిన ఉల్క దొరకలేదు గానీ, వేరే ఉల్కారాళ్లు దొరికాయి! రైతులు తెచ్చి చూపించారు.

దాంతో ఆయనకు ఒక ఉపాయం తట్టింది. ఇంత పెద్ద నేలను ఒక్కడు వెతకలేడు. కానీ రైతులు రోజూ దున్నుతూనే ఉన్నారు కదా! వాళ్లకు గుర్తుపట్టడం నేర్పితే చాలు. ఇక బళ్లకు పోయి పిల్లలకు రాళ్లు చూపించాడు. ఊరి సభల్లో మాట్లాడాడు. 'ఉల్కారాయి తెస్తే డబ్బిస్తాను' అని పత్రికల్లో వేయించాడు. పిల్లలు ఇంటికెళ్లి తండ్రికి చెప్పేవారు. తండ్రికి దొడ్లో పడున్న నల్లరాయి గుర్తొచ్చేది. శాస్త్రజ్ఞులు చాలామంది ఇది దండగ పని అన్నారు. 1930లో నినింగర్ ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే పట్టుకున్నాడు. అప్పుడు అమెరికాలో ఘోరమైన కరువుకాలం. పనుల్లేవు, బ్యాంకులు మూతపడుతున్నాయి. అటువంటి రోజుల్లో రాళ్లు కొని, కోసి, అమ్మి సంసారం ఈదాడు. 1933లో కింబర్లీ పొలంలో గుంట లాగా ఉన్న చోట తవ్వించి, అది ఉల్క పడ్డ గొయ్యేనని తేల్చాడు. 1946లో సొంతంగా ఒక మ్యూజియం పెట్టాడు. తాను కూడబెట్టిన రాళ్లలో కొన్ని 1958లో లండన్ మ్యూజియానికీ, మిగతావి 1960లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికీ అమ్మాడు. సరదాగా మొదలైనది శాస్త్రానికే పెద్ద ఆస్తి అయింది.

ఇప్పుడు గుర్తుపట్టడం ఎట్లాగో చూద్దాం. మొదటిది బరువు. అదే సైజు మామూలు రాయి కంటే ఎక్కువ బరువుంటుంది. రెండోది పైపొర. కొత్తగా పడినదైతే కాలిన కుండపెంకు లాగా పల్చని నల్లపొర ఉంటుంది. పాతబడితే తుప్పు రంగుకు తిరుగుతుంది. కొన్నింటి మీద, ముఖ్యంగా ఇనుప వాటి మీద, తడిమట్టి ముద్దను బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటాయి. మూడోది ఇనుము. చాలా ఉల్కారాళ్లను అయస్కాంతం లాగుతుంది. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి పక్కన వేలాడదీస్తే చాలు. పెద్ద అయస్కాంతాన్ని రాయికి రుద్దకూడదు. రాయిలో పుట్టుకతో ఉన్న అయస్కాంత గుర్తులు చెడిపోతాయి, శాస్త్రజ్ఞులకు పనికిరాదు.

అయితే తొందరపడకూడదు. అయస్కాంతం లాగిన ప్రతి రాయీ ఉల్క కాదు. మన ఇనుప ఖనిజంలో కొన్ని రకాలను కూడా లాగుతుంది. దానికి ఒక పరీక్ష ఉంది. టైలు రాయి వెనకవైపు, నునుపు లేని చోట రాయిని గీయాలి. ఎర్రటి గీత గానీ, చిక్కటి నల్లగీత గానీ పడితే అది మామూలు ఇనుప ఖనిజం. ఉల్కారాయి దాదాపు గీత పెట్టదు. ఇక అందరూ ఎక్కువగా మోసపోయేది చిట్టెంతో. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చెత్త అది. నల్లగా, బరువుగా ఉంటుంది. కానీ రొట్టె లాగా లోపల గాలిబుడగల చిల్లులుంటాయి. ఉల్కారాయిలో సాధారణంగా చిల్లులు ఉండవు. పలుగురాయి మెరుపులు కూడా ఉండవు. శాస్త్రజ్ఞులకు జనం తెచ్చి చూపించే రాళ్లలో నిజమైనవి వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. అట్లాగని ఆశ వదులుకోనక్కర్లేదు. అమెరికాలోనే మిషిగన్‌లో ఒక రైతు ఇంట్లో పది కిలోల రాయి తలుపుకు అడ్డంగా ఏళ్ల తరబడి పడి ఉంది. 2018లో పరీక్ష చేయిస్తే అది ఇనుప ఉల్క అని తేలింది.

ఇక బేరం సంగతి. ఉల్కారాళ్లను గ్రాముల లెక్కన అమ్ముతారు, బంగారం లాగా. మామూలు రాతి ఉల్క చవక. చంద్రుడి నుంచో, అంగారకుడి నుంచో ఎగిరిపడినదైతే ధర చుక్కల్లో ఉంటుంది. అవును, అట్లాంటివీ ఉన్నాయి. అమెరికాలో టూసాన్ అనే ఊళ్లో ఏటా శీతాకాలంలో రాళ్ల సంత జరుగుతుంది. దేశదేశాల వాళ్లు వస్తారు. సహారా ఎడారిలో ఒంటెలు మేపుకునే సంచారులు కూడా రాళ్లేరి అమ్ముతున్నారు. చేతులు మారిన కొద్దీ ధర పెరుగుతుంది. ఏరినవాడికి దక్కేది తక్కువే. పత్తి అయినా, రాయి అయినా ఈ కథ ఒకటే.

దొరికిన రాయి ఎవరిది? దీని మీద అమెరికాలో పెద్ద తగువే జరిగింది. 1890లో అయోవా రాష్ట్రంలో ముప్పై కిలోల ఉల్కారాయి ఒక పచ్చికబయల్లో పడింది. ఆ భూమిని ఒకాయన కౌలుకు తీసుకున్నాడు. కౌలుదారు సరేనంటే ఇంకొకాయన రాయిని తవ్వి తీసి, 105 డాలర్లకు అమ్ముకున్నాడు. భూమి యజమాని కోర్టుకెక్కాడు. 1892లో ఆ రాష్ట్రపు పెద్ద కోర్టు, రాయి భూమిలో భాగమే, యజమానికే చెందుతుందని తీర్పు చెప్పింది. తవ్వినవాడికీ, కౌలుదారుకూ రాయి మీద హక్కు దక్కలేదు. అది న్యాయమా కాదా అన్నది కౌలుకు చేసేవాళ్లు ఆలోచించుకోవచ్చు.

మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడ పడిన ఉల్కారాళ్లను భద్రపరిచే పని భూగర్భ సర్వే సంస్థది. వాటిని కోల్‌కతాలో దాచి ఉంచారు. తెలుగు నేల మీదా ఉల్కలు పడ్డాయి. 1852లో నెల్లూరు ప్రాంతంలో రాతి ఉల్క పడింది. 1870లో అప్పటి విశాఖపట్నం జిల్లాలో నెడగొల్ల దగ్గర ఇనుప ఉల్క పడింది. ఇనుప ఉల్క పడుతుండగా చూడటం ప్రపంచంలోనే అరుదు. ఈమధ్య 2017 జూన్‌లో జైపూర్ దగ్గర ముకుందపురలో తెల్లవారుజామున పొలంలో ఒకటి పడి ముక్కలైంది. 2022 ఆగస్టులో గుజరాత్‌లో దియోదర్ దగ్గర పల్లెల్లో ఇంకొకటి పడింది. రెండూ పల్లె జనం కంటపడ్డవే. శాస్త్రజ్ఞుల దగ్గరకు చేరాయి కాబట్టి వాటి కథ బయటికొచ్చింది.

ఒక హెచ్చరిక. 'ఆకాశం నుంచి పడిన లోహం, పిడుగు పడిన చెంబు, బియ్యాన్ని లాగుతుంది, కోట్లు వస్తాయి' అని ఊళ్లలోకి దళారులు వస్తుంటారు. పరీక్షకు ముందు డబ్బు కట్టమంటారు. అది పచ్చి మోసం. ఏ ఉల్కారాయీ బియ్యాన్ని లాగదు. పొలం తాకట్టుపెట్టి ఆ గుంటలో పడినవాళ్లు ఉన్నారు. ఎవరైనా అట్లా వస్తే పోలీసులకు చెప్పాలి.

మరి మీ ఊళ్లో నిజంగానే రాయి పడితే? భయపడనక్కర్లేదు. మామూలుగా కిందపడేసరికి అది మరీ వేడిగా ఉండదు. సుత్తితో పగలగొట్టకండి. నీళ్లతో కడగకండి. పసుపూ కుంకుమా పూయకండి. పడ్డచోట ఫోటో తీసి, శుభ్రమైన కాగితంలోనో గుడ్డలోనో చుట్టండి. పోలీసులకు గానీ, తహసీల్దారుకు గానీ చెప్పండి. హైదరాబాదు బండ్లగూడలో భూగర్భ సర్వే వారి దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. అక్కడికి ఉత్తరం రాయవచ్చు. ఊరు, మండలం, జిల్లా, పడ్డ తేదీ, వేళ రాయండి. వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చింది, చప్పుడు ఎన్నిసార్లు అయింది, రాయి ఎంత లోతు గొయ్యి చేసింది, ఎవరెవరు చూశారు, అదంతా రాయండి. జవాబు రాకపోతే ఇంకో ఉత్తరం రాయండి. ఎలైజా ఐదేళ్లు రాసింది.