చిన్న బటన్ - పెద్ద ఉపకారం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం, పెన్షన్ సవరణ, మెడికల్ బిల్లులు - ఈ మూడూ రాకుండా ఎవరి ఉపన్యాసమూ పూర్తి కాదు. ప్రత్యేక సంచిక కోసం ఈసారి ఇంటికీ తోటకూ పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాడికి యంత్రాలతో ఏం పని అని మీరనుకోవచ్చు. వ్యవసాయ శాఖ ఆఫీసులో ఆయిల్ ఇంజన్ల ఫైళ్ళు చూసినవాణ్ణి గనుక, ఏ యంత్రం ఎందుకు అలా ఉందో అడిగి తెలుసుకోవడం నాకు అలవాటైంది. అందుచేత పెట్రోలుతో చెట్లు కోసే మిషన్, అంటే చైన్ సా, దానికుండే డీకంప్రెషన్ వాల్వు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన ఉత్తరాంధ్ర వారికి ఈ మిషన్ కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల్ని నేలకూల్చినప్పుడు, దారికడ్డంగా పడిన చెట్లను కోసి తొలగించడానికి ఈ మిషన్లే అక్కరకు వచ్చాయి. ఇప్పుడు మన సభ్యుల తోటల్లోకి కూడా చేరాయి. దాని పళ్ళ గొలుసును చూసి అందరూ భయపడతారు, మంచిదే. కాని స్టార్టు చేసే తాడును చూసి ఎవరూ భయపడరు. మన వయస్సు వారు జాగ్రత్త పడవలసింది ముందుగా అక్కడే.

ఎందుకో చెబుతాను. ఇంజన్ సిలిండరులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పైకి వచ్చేటప్పుడు పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని ఇరుకు జాగాలోకి నొక్కేస్తుంది. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే ఇంజన్ అందుకుంటుంది. తిరుగుతున్న ఇంజన్ ఈ నొక్కే పని తన ఊపుతో తానే చేసుకుంటుంది. స్టార్టు చేసేటప్పుడు మాత్రం ఆ పని మన చేత్తో చేయాలి. తాడు లాగడమంటే అదే.

దాని భారమెంతో గుమాస్తా లెక్క ఒకటి వేసి చూద్దాం. స్టిల్ కంపెనీ వారి ఎం.ఎస్. 660 అనే పెద్ద మిషన్ ఉంది. దాని సిలిండరు వ్యాసం 54 మిల్లీమీటర్లు. అంటే పిస్టన్ ముఖం సుమారు 23 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు అనుకుంటే, పిస్టన్ మీద పడే భారం 230 కిలోలు! అది ఒక్క లిప్తపాటే, అంతా నేరుగా మన చేతికీ రాదు. అయినా అందులో మన వాటా మణికట్టు, మోచెయ్యి, భుజం భరించవలసిందే. పైగా మనం గట్టిగా లాగలేక పిస్టన్ పై అంచు దాటకముందే నిప్పంటుకుంటే, అది వెనక్కి తంతుంది. తాడు చేతిని విసురుగా గుంజుతుంది.

ఈ బాధ తగ్గించడానికే డీకంప్రెషన్ వాల్వు. సిలిండరుకు ఒక సన్నని రంధ్రం పెట్టి, దానికి ఒక చిన్న బటన్ అమర్చారు. తాడు లాగేముందు బటన్ నొక్కితే రంధ్రం తెరుచుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు లోపలి మిశ్రమంలో కొంత బయటికి పోతుంది. మొత్తం పోదు. ఇంజన్ అందుకోవడానికి కావలసినంత మిగులుతుంది. నిప్పంటుకోగానే లోపల లేచిన ఒత్తిడే వాల్వును మూసేస్తుంది, బటన్ టక్కున పైకి వస్తుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది పర్మనెంటు పోస్టు కాదు. స్టార్టింగు కోసం వేసిన తాత్కాలిక పోస్టు. ఇంజన్ అందుకోగానే పోస్టు రద్దు!

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మన పల్లెల్లో బావుల మీద హ్యాండిల్ వేసి తిప్పే ఆయిల్ ఇంజన్లు గుర్తు చేసుకోండి. రైతు ముందు పైనున్న లివర్ ఎత్తేవాడు. చక్రం జోరందుకునేదాకా తిప్పి, అప్పుడు లివర్ దించేవాడు. ఇంజన్ డుబుడుబుమంటూ లేచేది. అది కూడా ఒత్తిడి వదిలే ఏర్పాటే. పాత బుల్లెట్ మోటారు సైకిలుకు ఎడమ చేతి దగ్గర ఉండే చిన్న లివరు పనీ అదే. అది వాడకుండా కిక్కు కొట్టి పిక్కలు వాయించుకున్నవారు ఈ సభలోనే కొందరుంటారు.

ఈ వాల్వు గురించి మూడు అపోహలు వినపడుతుంటాయి.

మొదటిది, ఇది కుక్కరు సేఫ్టీ వాల్వు వంటిదని. కాదు. కుక్కరు వాల్వు పొయ్యి మీద ఉండగా పని చేస్తుంది. ఇది ఇంజన్ తిరుగుతున్నంతసేపూ మూసుకునే ఉంటుంది. నడుస్తున్న మిషన్ మీద దాని జోలికి పోకూడదు.

రెండవది, దీనివల్ల మిషన్ బలం తగ్గుతుందని. సరిగా మూసుకునే వాల్వు వల్ల ఏమీ తగ్గదు. మసి పట్టి సరిగా మూసుకోకపోతే మాత్రం బలం తగ్గుతుంది. అప్పుడు శుభ్రం చేయించాలి, లేదా కొత్తది వేయించాలి.

మూడవది, ఇది చేవలేనివాళ్ళకు పెట్టినదని. ఇదే అన్నిటికన్నా చెడ్డ అపోహ. 30 సి.సి. చిల్లర మిషన్ ఎం.ఎస్. 170కి ఈ బటన్ లేదు. 90 సి.సి. దాటిన ఎం.ఎస్. 660కి ఉంది. అంటే కండలు తిరిగిన వృత్తి పనివారు వాడే మిషన్‌కే దీన్ని అమర్చారన్నమాట!

మా వీధిలో కొమ్మలు కొట్టడానికి వచ్చే ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. అతని మిషన్ మీద బటన్ ఉండవలసిన చోట ఒక బోల్టు కనిపించింది. ఏమిటని అడిగితే, వాల్వు లీకవుతోందని తీసుకెళితే, దీనితో పనేముందని మెకానిక్ బోల్టు బిగించేశాడట. మిషన్ బాగానే నడుస్తోంది. భారమంతా కుర్రవాడి భుజం మీదికి వచ్చింది. రోజుకు ముప్ఫై నలభై సార్లు తాడు లాగాలి. సాయంత్రానికి చొక్కా విప్పుకోవడానికి చెయ్యి లేవడం లేదన్నాడు. మనకు నొప్పి వస్తే సిక్ లీవు పెట్టి జీతం తీసుకున్నవాళ్ళం. అతనికి చెయ్యి లేవని రోజు కూలీ లేదు. వాల్వు మళ్ళీ వేయించుకోమని ఆ రోజు కూలీతోపాటు కొంత సొమ్ము ఇచ్చాను. వేయించుకున్నాడు.

కావున సభ్యులకు నా విన్నపాలు:

1. బటన్ ఉన్న మిషన్‌కు తాడు లాగేముందు బటన్ నొక్కండి. ఇంజన్ ఒకసారి టప్పుమని ఆగిపోతే బటన్ పైకి వచ్చేసి ఉంటుంది. మళ్ళీ నొక్కాకే లాగండి.

2. మిషన్‌ను చేత్తో గాలిలో వేలాడదీసి తాడు లాగవద్దు. నేల మీద పెట్టి, గొలుసు బ్రేకు వేసి, ఎడమ చేత్తో ముందు పిడి అదిమిపట్టి, వెనుక పిడిలో కుడి కాలి బూటు మొన ఆనించండి. తాడును బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, ఆపైన ఒక్క విసురు లాగండి.

3. పనివారిని పిలిచినప్పుడు కూలీ బేరంతోపాటు వారి మిషన్ కూడా ఒకసారి చూడండి. బటన్ చోట బోల్టు ఉంటే ఎందుకని అడగండి.

ఆ బటన్ లేకపోయినా మిషన్ నడుస్తుంది, చెట్టు తెగుతుంది. అది ఉన్నది ఇనుము కోసం కాదు, తాడు లాగే మనిషి కోసం. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందుగా ఊడిపోయేవి ఇటువంటివే. వాటిని ఊడనివ్వకుండా చూడటం మనబోటి పెద్దవాళ్ళ పని.